నాలుగూ పది అని నేర్పింది నేనే

మేజిస్ట్రేటు గారి గదిలో, నవంబరు 22, మంగళవారం, పొద్దున 11 గంటల 5 నిమిషాలకి మొదలుపెట్టి రాస్తున్నది.

నన్ను మా వీధిలో రేడియో వాళ్ళమ్మ అంటారు. వయసు నలభై ఏడు. సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని, పంతొమ్మిదేళ్ళ నుంచి. చదువు అయిదో తరగతి దాకా. భర్త పోయి పదకొండేళ్ళయింది. ఒక్కతే కూతురు. రేడియో అంటే అదే. పొద్దున లేచింది మొదలు నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు పెట్టారు. వయసు ఇరవై రెండు. ఇప్పుడు లేదు.

నేను చెబుతుంటే గుమాస్తా గారు రాసుకుంటానన్నారు. వద్దు, నేనే రాస్తానన్నాను. "చాలాసేపు పడుతుందమ్మా" అన్నారు. "పట్టనివ్వండి. నా కూతురు చెప్పిందొకటి, కాగితం మీదికెక్కింది ఒకటి. ఈసారి మధ్యలో ఎవరూ వద్దు" అన్నాను. మేజిస్ట్రేటు గారు కాగితాలు ఇప్పించారు, ఫ్యాను కింద కూర్చోమన్నారు. అక్షరాల్లో తప్పులుంటే సర్దుకోండి. సంగతుల్లో తప్పులుండవు. ఉన్న ఒక్క తప్పూ నాదే. దాని గురించే వచ్చాను.

నా కూతురు పెట్టిన కేసు అబద్ధం కేసు అని పోలీసులు మూసేస్తున్నారు. మీకేమైనా అభ్యంతరం ఉందా అని, ఫైలు నకలు జతచేసి నోటీసు వచ్చింది. ఉంది.

మా ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా కళ్ళజోళ్ళ షాపు ఉంది. రేడియో జనవరి నుంచి అందులో పనిచేసింది. వచ్చినవాళ్ళకి ఫ్రేములు చూపించడం, పేర్లు రాసుకోవడం, అద్దాలు తుడిచి కవర్లో పెట్టి ఇవ్వడం దాని పని. షాపు వెనక గదిలో కళ్ళు పరీక్ష చేస్తారు. ఆ గదిలోనే అద్దాలు అరగదీసే మెషిను, ఫ్రేముల బీరువా. షాపు యజమాని నలభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. ఆయన భార్య కొన్నిరోజులు వచ్చి కౌంటర్లో కూర్చుంటుంది. ఆయన నన్నెప్పుడూ చూడలేదు. చూసినా గుర్తుండదు. ఆ గేట్లోంచి నాలుగొందలమంది ఆడవాళ్ళం ఒకే రంగు కోటు వేసుకుని బయటికొస్తాం.

జూన్ 14, మంగళవారం. నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి సాయంత్రం నాలుగూ నలభై అయిదు. రేడియో రోజూ ఏడింటికి వస్తుంది. ఆరోజు నాకంటే ముందే ఇంట్లో ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు రెండూ పక్కపక్కన, గీత గీసినట్టు పెట్టి ఉన్నాయి. అది ఎప్పుడూ చెప్పులు విసిరేస్తుంది, ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. "ఏమే, ఇంత తొందరగా వచ్చావు?" అన్నాను. మాట్లాడలేదు. దాని సంచిలోంచి అన్నం డబ్బా తీశాను. నిండుగా ఉంది, మూత కూడా తీయలేదు. "తినలేదేమే?" అన్నాను. మాట్లాడలేదు. డబ్బా కడిగేశాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి. డబ్బా నిండుగా వచ్చింది, నేనే కడిగాను.

మూడు రోజులు అది మాట్లాడలేదు. పక్కింటావిడ "ఏంటి, రేడియోకి బ్యాటరీలు అయిపోయాయా?" అని నవ్వింది. జూన్ 17, శుక్రవారం పొద్దున నేను తల దువ్వుతుంటే చెప్పింది. వెనక గదిలో. ఆయన. తలుపు గడియ పెట్టాడు. అంతే చెప్పింది. ఆ తర్వాత జడ పూర్తిగా వేసి, స్టేషన్‌కి తీసుకెళ్ళాను. పొద్దున పదీ ఇరవై.

స్టేషన్లో మమ్మల్ని వసారాలో, మంచినీళ్ళ ఫిల్టరు పక్కన బల్ల మీద కూర్చోబెట్టారు. కేసులు రాసే రైటరు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. మనుషులు వస్తున్నారు, సీసాలు పట్టుకుంటున్నారు, పోతున్నారు. ఒకాయన సీసా నిండిపోయి నీళ్ళు కిందికి కారుతున్నా కుళాయి కట్టేయకుండా మమ్మల్నే చూస్తున్నాడు.

"ఎన్నింటికి జరిగింది?" అన్నాడు రైటరు.

"తెలియదండి."

"తెలియదంటే ఎలా? గోడ గడియారం లేదా షాపులో?"

"ఉందండి. చూడలేదు."

"ఫోను లేదా నీకు?"

"ఉందండి."

"అరిచావా?"

"నోరు రాలేదండి."

"ఆయన నోరు మూశాడా?"

"లేదండి. దానంతటదే రాలేదు."

రైటరు పెన్ను కింద పెట్టాడు. అప్పుడు రేడియో నవ్వింది. ఎందుకో తెలియదు, చిన్నగా నవ్వింది. "నవ్వొస్తోందా నీకు? ఇక్కడేమైనా తమాషా జరుగుతోందా?" అన్నాడు. ఆ నవ్వు కూడా రాసుకున్నాడు. ఫైలులో ఉంది, చూడండి, రెండో పేజీలో ఉంది. అంతకుముందు ఏడ్చింది మాత్రం రాయలేదు.

ఆరోజే సాయంత్రం ఇంకోసారి అడిగాడు. ఈసారి రేడియో ముందు ఆ గదిలో ఊడిన చెప్పుల గురించి చెప్పింది, గడియ గురించి తర్వాత చెప్పింది. "పొద్దున గడియ ముందన్నావు" అన్నాడు. మర్నాడు లేడీ కానిస్టేబులు అడిగింది. సోమవారం ఇన్‌స్పెక్టరు గారు అడిగారు. ఆయన మర్యాదస్తుడే, అబద్ధం ఎందుకు చెప్పాలి, కుర్చీ వేయించి టీ తెప్పించారు. కానీ రేడియో మెషిను చప్పుడు దగ్గరికి రాగానే "అది కాదమ్మా, వరసగా చెప్పు, మొదటినుంచి" అనేవారు. మళ్ళీ మెషిను దగ్గరికే వచ్చేది. మళ్ళీ "మొదటినుంచి". తర్వాత డాక్టరు గారు. ప్రతిసారీ మొదటినుంచే. ప్రతిసారీ కొంచెం వేరే.

ఆ సోమవారమే స్టేషన్ నుంచి వచ్చేటప్పుడు రైటరు నన్ను పక్కకి పిలిచాడు. "చూడమ్మా, నీ మంచికే చెబుతున్నా. టైము లేని కేసు నిలబడదు. ఒక టైము చెప్పమను. ఒకటే టైము, ఎవరడిగినా అదే టైము" అన్నాడు.

ఇప్పుడు నా తప్పు రాస్తున్నాను.

ఇంటికొచ్చి కూతుర్ని గోడకి ఎదురుగా కూర్చోబెట్టాను. చిన్నప్పుడు ఎక్కాలు అలాగే నేర్పించాను. మా ఫ్యాక్టరీ రెండో సైరన్ నాలుగూ పదికి మోగుతుంది. షాపు గేటు ఎదురే కాబట్టి చెవులు పగిలేటట్టు వినిపిస్తుంది. నేను వచ్చేసరికి ఇంట్లో ఉంది కాబట్టి, అప్పుడే అయ్యుంటుందని నాకు నేనే అనుకున్నాను. సైరన్ కంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది అనుకున్నాను. ఊరంతా వింటుంది కదా.

"సైరన్ మోగింది. అప్పుడు గడియ పెట్టాడు. చెప్పు."

"అమ్మా, నాకు సైరన్ గుర్తులేదే."

"గుర్తులేకపోతే తెచ్చుకో. రోజూ మోగేదేగా. చెప్పు."

"మోగిందేమో. నాకు తెలియదు."

"ఏమో గీమో అనకు! తెలియదంటే వాళ్ళు నమ్మరు. సైరన్ మోగింది, నాలుగూ పది, గడియ పెట్టాడు. చెప్పవే తల్లీ."

చెప్పింది. మళ్ళీ చెప్పమన్నాను. అన్నం పెట్టేముందు ఒకసారి, తిన్నాక ఒకసారి. గిన్నెలు తోముతుంటే వంటింట్లో నిలబెట్టి ఒకసారి. స్టేషన్లో, ఆసుపత్రిలో నా కూతురు ఎన్నిసార్లు చెప్పిందో నేను లెక్కపెట్టాను, ఏడుసార్లు. ఇంట్లో నేను ఎన్నిసార్లు చెప్పించానో లెక్కపెట్టలేదు.

ఒకరోజు మధ్యలో ఆపేసింది. నా వైపు చూసి, "ఇల్లు కూడా స్టేషనే చేశావా అమ్మా" అంది. నేను కొట్టబోయాను. కొట్టలేదు. చెయ్యెత్తాను, అది నిజం.

జూన్ 23, గురువారం, పెద్దాసుపత్రికి పిలిచారు. అక్కడ ఒక నర్సమ్మ ఉంది. ఇలాంటి ఆడపిల్లలతో మాట్లాడటమే ఆవిడ పనట, దానికి వేరే చదువు చదివిందట. చిన్న గది. మూడు కుర్చీలున్నాయి. "నువ్వెక్కడ కూర్చుంటావో నువ్వే చూసుకో" అంది. రేడియో తలుపు కనిపించే కుర్చీలో కూర్చుంది. "తలుపు వేయనా, తీసుంచనా?" అని అడిగింది. రేడియో దగ్గరికి వెయ్యమంది, గడియ వద్దంది. "అమ్మ ఉండాలా?" అని అడిగింది. నా కూతురు నా వైపు చూడకుండా "బయట ఉండనివ్వండి" అంది.

నేను బయట బల్ల మీద కూర్చున్నాను. నా కడుపున పుట్టింది నన్ను బయట ఉండమంది. కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పుడు లేదు.

నలభై నిమిషాలైంది. లోపల్నుంచి దాని గొంతు వినిపిస్తోంది. మాటలు తెలియట్లేదు, గొంతు మాత్రం ఆగకుండా వస్తోంది. జూన్ 14 తర్వాత అది అంతసేపు మాట్లాడటం అదే మొదలు. చివర్లో నన్ను లోపలికి పిలిచారు. నర్సమ్మ రాసుకున్నదంతా రేడియోకి చదివి వినిపించింది. "తప్పుంటే చెప్పు, నీ ముందే దిద్దుతా" అంది. రెండుచోట్ల దిద్దించుకుంది. నేనక్కడే ఉన్నాను, అందుకే రాయగలుగుతున్నాను.

నర్సమ్మ ఎన్నింటికి అని అడగలేదు. "ఆరోజు మధ్యాహ్నం ఏం తిన్నావు?" అని అడిగింది. రేడియో, "తినలేదు. డబ్బా తీయబోతుంటే లోపలికి పిలిచాడు" అంది. అది రోజూ ఒంటిగంటకి తింటుంది. ఎందుకు అరవలేదు అని అడగలేదు. "అప్పుడు నీకేం వినిపించింది, ఏం కనిపించింది? వరస అక్కర్లేదు, ఏది ముందొస్తే అది చెప్పు. ఆపాలనిపిస్తే ఆపెయ్" అంది. మెషిను తిరుగుతూనే ఉందని చెప్పింది. కుడి చెంప నేలకి ఆనుకుని ఉందని చెప్పింది. బీరువా కింద, కాళ్ళ సందులోంచి, వెనకాల ఒక బోర్డు కనిపించిందని చెప్పింది. కళ్ళు పరీక్ష చేసే పాత అట్టబోర్డు, దాని చివరి వరస. ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు, ఆరు. ఆరు పక్కన ఎవరో పెన్నుతో గీసిన చిన్న పువ్వు. ఆ అంకెలే చదువుకుంటూ ఉన్నానంది. అయిపోయేదాకా అవే మళ్ళీ మళ్ళీ చదువుకున్నానంది.

నేను నర్సమ్మని అడిగాను, "టైము గుర్తులేనిదానికి అంకెలెలా గుర్తున్నాయండి?" అని. ఆవిడ చెప్పింది. అంత భయంలో మనసు గడియారం చూడదట. కంటి ఎదురుగా ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుంటుందట. మునిగిపోయేవాడు చేతికందిన కొమ్మని పట్టుకుంటాడు, ఆ చెట్టు పేరు అడిగితే ఏం చెబుతాడు అంది. ముక్కలు ముక్కలుగా వస్తుందట, వరస తర్వాత కుదురుతుందట. నవ్వు కూడా భయమేనట, నోరు రాకపోవడం కూడా భయమేనట. "ఇంట్లో మళ్ళీ మళ్ళీ అడక్కండమ్మా" అని కూడా చెప్పింది. తలూపాను.

తలూపి ఇంటికొచ్చి ఏం చేశానో రాస్తాను. జూన్ 27, సోమవారం, స్టేషన్లో పూర్తి వాంగ్మూలం. ముందురోజు మళ్ళీ గోడకి ఎదురుగా కూర్చోబెట్టాను.

"అమ్మా, అన్నానికి ముందని నర్సమ్మకి చెప్పేశాను కదే."

"కేసు నర్సమ్మ రాస్తుందా? రైటరు రాస్తాడు. నాలుగూ పది అని చెప్పు."

చెప్పింది. స్టేషన్లో కూడా చెప్పింది. నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఇన్‌స్పెక్టరు గారు అంతా విన్నారు. విని, "ఆ వారమంతా సైరన్ మోగలేదమ్మా. మోటారు కాలిపోయి రిపేరుకి పంపారు. పన్నెండు నుంచి పదిహేడు దాకా. మోగని సైరన్ నీకెలా వినిపించింది?" అన్నారు.

ఊరందరికీ తెలుసు సైరన్ మోగలేదని. నాకు తెలియదు. పంతొమ్మిదేళ్ళ నుంచి ఆ ఫ్యాక్టరీలో పనిచేస్తున్న నాకే తెలియదు. ప్యాకింగ్ హాల్లో మెషిన్ల రొదకి సైరన్ వినపడదు. మాకు ఎర్ర లైటు ఆరితే డ్యూటీ అయిపోయినట్టు. మొదటి సైరన్ మోగే టైముకి నేను లోపలే ఉంటాను, రెండో దానికీ లోపలే ఉంటాను. మోగుతుందనే అనుకుంటాం, రోజూ మోగేదే కాబట్టి.

నా కూతురు నా వైపు చూసింది. ఒక్కసారే. మా అమ్మ చెప్పమంది సార్ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. "పొరపాటు పడ్డానండి" అంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నేనూ నోరు విప్పలేదు. నాకేం గడియ పెట్టలేదు, నా మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు, ఎదురుగా టీ ఉంది, ఫ్యాను తిరుగుతోంది. అయినా నోరు రాలేదు. నోరెందుకు రాలేదని నా కూతుర్ని అడిగినవాళ్ళు నన్నడగలేదు.

ఆ నాలుగూ పది షాపు యజమానికి బాగా పనికొచ్చింది. ఆరోజు మూడున్నర నుంచి అయిదు దాకా ఆయన కూతురి స్కూల్లో తల్లిదండ్రుల మీటింగులో ఉన్నాడు. రిజిస్టర్లో సంతకం ఉంది, ఫొటో ఉంది. తప్పించుకునే తలుపు ఆయన వెతుక్కోలేదు. నేనే తెరిచి పెట్టాను. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నారని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఫైలంతా వెతకండి, లేదు.

ఇన్‌స్పెక్టరు గారు షాపుకెళ్ళి బోర్డు కూడా చూశారు. గోడమీద కరెంటు లైటు ఉన్న పెట్టె ఉంది, దాని మీద అన్నీ అక్షరాలే, అంకెల్లేవు. "బాధితురాలు చెప్పిన అంకెల బోర్డు షాపులో లేదు" అని రాశారు. నిలబడి చూశారు. పడుకుని చూడలేదు.

ఆసుపత్రి కాగితంలో అన్నానికి ముందు. స్టేషన్ కాగితంలో నాలుగూ పది. లేని సైరన్, లేని బోర్డు. మాట మారుస్తోంది, ఎవరో నేర్పిస్తున్నారు, నమ్మదగిన మనిషి కాదు. చివరి పేజీలో అలా రాశారు. నేర్పిస్తున్నారన్నది నిజం. మిగతాది అబద్ధం.

నా కూతురు చచ్చిపోయిందనగానే అందరూ గొంతు తగ్గించి అడుగుతారు, ఏం చేసుకుంది అని. ఏమీ చేసుకోలేదు. అది బతకాలనుకుంది. నర్సమ్మ దగ్గరికి వారం వారం వెళ్ళింది, నేను బయటే కూర్చున్నాను, నా అంతట నేనే బయట కూర్చున్నాను. సెప్టెంబరులో మందుల షాపులో పనికి చేరింది. చెప్పులు మళ్ళీ విసిరెయ్యడం మొదలుపెట్టింది. అక్టోబరులో జ్వరం వచ్చింది, అందరికీ వచ్చే దోమల జ్వరమే. అయిదో రోజున, అక్టోబరు 19, బుధవారం, పొద్దున ఆరూ ఇరవైకి పోయింది. ఆసుపత్రి కాగితం జతచేశాను. సిగ్గుతో చచ్చిపోయింది అని ఎవరైనా ఎక్కడైనా రాస్తే కొట్టేయండి. సిగ్గుపడాల్సింది అది కాదు.

ఆ సైరన్ సంగతి చెప్పేస్తానని దానికి రెండుసార్లు అన్నాను. "చెబితే నిన్ను పట్టుకుంటారే, ఊరుకో" అంది రెండుసార్లూ. ఊరుకున్నాను.

నవంబరు 3న నోటీసు వచ్చింది. నవంబరు 8, మంగళవారం, సెలవు పెట్టి, కోటు వేసుకోకుండా, మంచి చీర కట్టుకుని, పొద్దున పదకొండున్నరకి ఆ షాపుకెళ్ళాను. కౌంటర్లో ఆయన భార్య ఉంది. దగ్గరివి మసకగా ఉన్నాయి, పరీక్ష చెయ్యమన్నాను. అది కూడా నిజమే. సబ్బు కవరు మీద అక్షరాలు నాకు రెండేళ్ళుగా ఆనడం లేదు.

వెనక గదిలోకి పంపించింది. ఆయన వచ్చాడు. గుర్తుపట్టలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్షకి పెట్టే బరువైన ఫ్రేము నా ముక్కు మీద పెట్టి, చెవుల వెనక సర్దాడు. నా చెవి దగ్గర ఆయన వేళ్ళు. అద్దాలు మార్చి మార్చి పెడుతున్నాడు.

"ఇది బాగుందా, ఇది బాగుందా?"

"ముందుదే."

"భయపడకండమ్మా, తప్పేం లేదు. కనిపించింది కనిపించినట్టు చెప్పండి."

చెబుతాను అనుకున్నాను. లేచి నిలబడ్డాను. "కళ్ళు తిరుగుతున్నాయి" అని కింద పడ్డాను. నా వయసుకి, నా ఒంటికి అది చిన్న పడటం కాదు. మోకాలు ఇప్పటికీ వాచి ఉంది, కావాలంటే చూపిస్తాను. "అయ్యయ్యో" అంటూ ఆయన వెనక్కి జరిగాడు. భార్య పరుగెత్తుకొచ్చింది. "పిన్నిగారూ! పిన్నిగారూ! ఏమైందండీ? పొద్దున ఏమైనా తిన్నారా?" అంటూ అట్టముక్కతో విసరడం మొదలుపెట్టింది.

ఎడం చెంప ఆనించాను. మెషిను కాళ్ళు కనిపించాయి. ఇటు తిరిగి కుడి చెంప ఆనించాను. నేల చల్లగా ఉంది. బీరువా కాళ్ళు జానెడు ఎత్తు. కింద దుమ్ము, ఒక పెన్సిలు, ఒక స్క్రూ. వెనకాల గోడకి ఆనించిన పాత బోర్డు, దాని చివరి వరస మాత్రం. ఆయనే నా కళ్ళకి అద్దాలు పెట్టాడు కాబట్టి బాగా కనిపించింది. ఏడు. రెండు. తొమ్మిది. నాలుగు. ఆరు. పెన్నుతో గీసిన పువ్వుకి అయిదు రేకులు.

నేను పైకే చదివాను. ఆగలేకపోయాను.

"ఏంటి పిన్నిగారూ, ఏం చదువుతున్నారు?" అంది భార్య.

"కింది వరస" అన్నాను.

ఆవిడ విసరడం ఆపింది. నా పక్కన మోకాళ్ళ మీద వంగి, నేను చూస్తున్నవైపు చూసింది. నా కూతురు చెప్పిన అంకెలు ఆవిడకి తెలిసే ఉంటాయి, మొగుడి మీద కేసు కదా. చాలాసేపు చూసింది. లేచింది. మొగుడు తలుపు దగ్గర నిలబడి "నీళ్ళు తీసుకురా" అన్నాడు. ఆవిడ తేలేదు. నేను నా అంతట నేనే లేచి, ఫ్రేము తీసి టేబుల్ మీద పెట్టి, బయటికొచ్చాను. అప్పుడు పన్నెండూ అయిదు. అక్కణ్ణుంచి నేరుగా స్టేషన్‌కెళ్ళాను. కేసు కోర్టులో ఉంది కాబట్టి కోర్టులోనే చెప్పుకోమన్నారు. చెప్పుకుంటున్నాను.

ఈ పద్నాలుగు రోజుల్లో ఆ బోర్డు తీసేసి ఉండొచ్చు. తీసేస్తే ఎందుకు తీశాడో అడగండి. ఆయన భార్యని పిలిపించండి. ఆవిడ చూసింది. కానీ ఆవిడని వసారాలో, నీళ్ళ ఫిల్టరు పక్కన కూర్చోబెట్టి అడక్కండి. మొగుణ్ణి ఆవిడ పక్కన కూర్చోబెట్టి అడక్కండి. ఏ కుర్చీ కావాలో ఆవిణ్ణే చూసుకోనివ్వండి. వరసగా చెప్పకపోతే, ఆపి మళ్ళీ మొదటినుంచి అనకండి. ఇవన్నీ నర్సమ్మ చేసి చూపించింది, పెద్ద పనేం కాదు, ఒక తలుపు, ఒక కుర్చీ, కాస్త ఓపిక. ఆవిడకీ ఇంట్లో ఒక ఆడపిల్ల ఉంది.

ఇంతదాకా రాసి మేజిస్ట్రేటు గారికి చూపించాను. ఆయన పూర్తిగా చదివారు. చదివి, "సైరన్ సంగతి నువ్వు నేర్పించావని సంతకం పెడితే, తప్పుడు సాక్ష్యం చెప్పించావని నీ మీదే కేసు కావచ్చు. జైలు కూడా పడొచ్చు. తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. "ఆ పేజీ తీసేసి మిగతాది ఇచ్చినా నీ అభ్యంతరం నేను వింటాను. ఆలోచించుకో" అన్నారు. పది నిమిషాలు టైమిచ్చి, బయట కూర్చోమన్నారు. మంచి మనిషే.

నేను బయటికెళ్ళలేదు. ఆ పేజీ తీసేస్తే నాలుగూ పది నా కూతురి నోట్లోనే ఉండిపోతుంది. చచ్చిపోయినదాని నోట్లోంచి నా అబద్ధం నేనే తీసుకోవాలి, ఇంకెవరు తీస్తారు? నా మీద కేసు రాయండి. రాసేటప్పుడు టైము సరిగ్గా రాయండి. జూన్ 20, సోమవారం, సాయంత్రం ఆరున్నరకి మొదలుపెట్టాను. జూన్ 26, ఆదివారం దాకా నేర్పాను. నాకు అన్ని టైములూ గుర్తున్నాయి. నేను చేసిన పని కాబట్టి గుర్తున్నాయి. నా మీద ఎవరూ చేసింది కాదు.

పైన రాసింది నేను చూసింది, విన్నది, చేసింది. ఇందులో నేను ఊహించుకుని రాసింది లేదు, ఊహించుకుని నేర్పిన ఒక్కదాన్నీ ఊహేనని ఒప్పుకున్నాను. అక్షరం అక్షరం నేనే రాశాను. రాశాక మూడుసార్లు చదువుకున్నాను, ఎక్కడా దిద్దలేదు. ఇది చెప్పమని నాకు ఎవరూ నేర్పలేదు.

మధ్యాహ్నం 2 గంటల 40 నిమిషాలు.

(సంతకం)

సంతకం చాలన్నారు. నేనే అడిగి, ఎడమచేతి బొటనవేలి ముద్ర కూడా వేశాను. రేపు ఇది నా సంతకం కాదని ఎవరూ అనకుండా.